పడకేసిన రోజు వినకూడని సలహాలు

జ్వరం వస్తే మా ఆయన చేసే మొదటి పని కాలేజీకి ఫోన్ చేయడం. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, ఏడాదికి 12 సీఎల్‌లు. ఫోన్ పెట్టేసి దుప్పటి కప్పుకుని పడుకుంటారు. నాకు జ్వరం వస్తే ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఏ ఫైలు ఏ పూటకి ఇవ్వాలో చూసుకునేదాన్ని, థర్మామీటరు ఆ తర్వాత. పద్నాలుగేళ్లుగా ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తున్నాను. సెలవు ఇచ్చేవాళ్లు లేరు, జీతం కోసేవాళ్లూ లేరు. పని చేసిన రోజే డబ్బు.

ఒళ్లు బాగాలేనప్పుడు ఏం చేయాలో చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు. తోటి అనువాదకులు చెప్పారు, చుట్టాలు చెప్పారు, మందుల షాపు అబ్బాయి చెప్పాడు. అందరూ నా మేలు కోరే చెప్పారు. నేను వాటిని వరసగా పాటించాను. ఒకే వారంలో వాటిలో నాలుగింటి ఫలితం అనుభవించాను. డీటీపీ చేసేవాళ్లకు, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లకు, ఇళ్లకు వెళ్లి ట్యూషన్ చెప్పేవాళ్లకు, ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేవాళ్లకు ఇవే మాటలు చెబుతుంటే విన్నాను. అందుకే ఆ సలహాలను చెప్పినవి చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా మీకు చెబితే గుర్తుపట్టండి.

“ఒంట్లో బాగాలేదని క్లయింటుకు చెప్పకు”

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన చెప్పిన మాట ఇది. “జ్వరమని ఒకసారి చెప్పావంటే ఆ పని ఇంకొకరికి పోతుందమ్మా. పోయింది మళ్లీ రాదు.” ముప్పై ఏళ్లు అనువాదాలతోనే ఇల్లు నడిపిన మనిషి. ఆయన మాట నమ్మాను. జ్వరం వచ్చినప్పుడు కరెంటు పోయిందనీ నెట్ లేదనీ అబద్ధాలు చెప్పాను. ఎక్కువసార్లు అది కూడా చెప్పకుండా, ఒళ్లు కాలిపోతుంటేనే పని పూర్తి చేసి పంపాను.

నాలుగేళ్ల కిందట ఆగస్టులో ఒక సమ్మతి పత్రం వచ్చింది. కొత్త మందు మీద జరిగే పరీక్షల్లో చేరబోయేవాళ్లు చదివి సంతకం చేసే కాగితం అది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, ఆరు వేల మాటలకు కాస్త తక్కువ. సోమవారం నాకు జ్వరం మొదలైంది. ఫైలు బుధవారం సాయంత్రానికి ఇవ్వాలి. 102 డిగ్రీలు. మాత్ర వేసుకుంటే రెండు మూడు గంటలు దిగేది. ఆ కాసేపట్లో వెయ్యి మాటలు చేసి మళ్లీ పడుకునేదాన్ని. బుధవారం ఆరింటికి పంపేశాను. అనుకున్న వేళకి ఇచ్చానని తృప్తిపడ్డాను.

ఆ పత్రంలో మందు రోజు విడిచి రోజు వేసుకోవాలని ఉంది. నేను ప్రతిరోజూ అని రాశాను.

ఇలాంటి పత్రాలకు ఒక కట్టుదిట్టం ఉంటుంది. అసలు ఇంగ్లీషు చూడని మరో అనువాదకుడు మన తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తాడు. రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టి పోల్చుతారు. నా తప్పు అక్కడ దొరికింది. దొరక్కపోయుంటే ఆ తెలుగు కాగితం ఒక రోగి చేతికి వెళ్లేది. ఇంగ్లీషు రాదు కాబట్టే ఆ మనిషి నా తెలుగును నమ్ముకుంటాడు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

తప్పు దొరికిందని ఫోన్ వచ్చేసరికి నేను ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. పని పంపే అమ్మాయి కోప్పడలేదు. “మంగళవారమే చెప్పి ఉంటే సగం ఫైలు ఇంకొకరికి ఇచ్చేవాళ్లం కదా మేడమ్” అంది. ఆ తర్వాత ఐదు నెలలు అక్కడి నుంచి నాకు ఒక్క పనీ రాలేదు. పెద్దాయన దేనికి భయపడమన్నారో అది, ఆయన చెప్పినట్టు చేసినందుకే జరిగింది.

పని ఇచ్చేవాళ్లకు మన జ్వరం వల్ల వచ్చే ఇబ్బంది చిన్నదే. గడువుకు రెండు రోజుల ముందు తెలిస్తే వాళ్లు ఇంకో దారి చూసుకుంటారు. గడువు రోజు సాయంత్రం తెలిస్తే చూసుకోలేరు. కాబట్టి ఒళ్లు వెచ్చబడిన పూటే కబురు పెట్టండి. తగ్గిపోతుందేమో, రేపు చూద్దామని ఆగకండి. నేనిప్పుడు పంపే కబురు ఇంతే: “నాకు నిన్న రాత్రి నుంచి జ్వరం. ఫైలులో 2,100 మాటలు అయ్యాయి, పంపుతున్నాను. మిగిలింది శుక్రవారానికి ఇవ్వగలను. అంతకంటే ముందే కావాలంటే ఇంకొకరికి ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు.” దగ్గు, విరేచనాలు, రక్తపరీక్షల వివరాలు రాయనక్కర్లేదు. ఎంత అయింది, ఎంత మిగిలింది, ఎప్పటికి ఇవ్వగలం అన్న మూడూ ఉంటే చాలు.

మనుషుల మధ్య తిరిగి పని చేసేవాళ్లకు ఈ సలహా ఇంకో రూపంలో వస్తుంది: “మాత్ర వేసుకుని వెళ్లిపో, ఎవరికి తెలుస్తుంది?” కళ్లకలకతో, ఆటలమ్మతో పదిమంది పిల్లల మధ్య కూర్చుని లెక్కలు చెబితే ఆ పదిమంది ఇళ్లకూ పట్టుకెళ్లినట్టే. ఇది వృత్తికి సంబంధించిన విషయం కూడా కాదు, వెళ్లకూడదు.

“ఒక సెలైన్ పెట్టించుకో, లేచి కూర్చుంటావు”

బుధవారం ఫైలు పంపేశాక గురువారం పొద్దున మా వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాను. శనివారానికి ఇంకో పని ఒప్పుకొని ఉన్నాను. “రేపటికల్లా లేచి కూర్చోవాలండీ, ఏదైనా చెయ్యండి” అని అడిగింది నేనే. సెలైన్ ఎక్కించారు, ఒక సూది వేశారు, ఒళ్లునొప్పుల మాత్రలూ యాంటీబయాటిక్ మాత్రలూ ఇచ్చారు. ఇంటికి వచ్చేసరికి నిజంగానే తేలిగ్గా అనిపించింది.

మన ఊళ్లలో సెలైన్ మీద ఉన్నంత నమ్మకం మరి దేని మీదా లేదు. అర లీటరు మామూలు సెలైన్ సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకు అది ప్రాణం నిలబెడుతుంది. నోటితో మంచినీళ్లు, గంజి, మజ్జిగ తాగగలిగే మనిషికి అది బలం ఇవ్వదు. నాకు వచ్చింది డెంగీ అని తర్వాత తేలింది. ఆ జ్వరంలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరుతుంది. ఆ సమయంలో లెక్క లేకుండా ఎక్కించే సెలైన్ ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో చేరి మనిషిని ఇంకా కుంగదీస్తుంది. ఎంత ఎక్కించాలో డాక్టరు రక్తపరీక్ష చూసి, బీపీ చూసి, గంటగంటకూ మార్చుకుంటూ వెళ్తారు. వీధి చివర బల్ల మీద పడుకుని ఎక్కించుకునేది కాదు.

నాకు ఇచ్చిన నొప్పుల మాత్ర డైక్లోఫెనాక్. డెంగీ అనుమానం ఉన్నప్పుడు అది గానీ, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ గానీ వేసుకోకూడదు, రక్తస్రావం ఎక్కువవుతుంది. పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. దానికీ హద్దు ఉంది. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద నాలుగు గ్రాములు దాటకూడదు. డెడ్‌లైన్ కంగారులో ఉన్నవాళ్లు 650 మాత్ర వేసుకుని, దిగలేదని మళ్లీ వేసుకుని, మధ్యలో జలుబు మాత్ర కూడా మింగుతారు. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసెటమాలే ఉంటుంది. అట్ట వెనక చదవండి. ఇక యాంటీబయాటిక్ సంగతి. డెంగీ, ఫ్లూ లాంటివి వైరస్ జ్వరాలు, వాటి మీద అది పని చేయదు.

వానాకాలంలో జ్వరం రెండో రోజుకీ దిగకపోతే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. చేయించాల్సినవి రక్తకణాల లెక్క, డెంగీకి ఎన్‌ఎస్1. ఆ పరీక్షలో డెంగీ బాగా పట్టుబడేది మొదటి నాలుగైదు రోజుల్లోనే. నేను ఆ రోజులన్నీ సమ్మతి పత్రానికి ఇచ్చేశాను.

“జ్వరం దిగింది కదా, ఇక మొదలుపెట్టు”

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. అందరికంటే మనమే మనకు ఎక్కువసార్లు చెప్పుకునే మాట కూడా ఇదే.

శుక్రవారం పొద్దున లేచేసరికి ఒళ్లు చల్లబడింది. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేస్తే తగ్గిపోయిందని చెప్పాను. స్నానం చేసి కూర్చుని శనివారం ఫైలు తెరిచాను. మధ్యాహ్నానికి కడుపులో నొప్పి మొదలైంది, తర్వాత వాంతులు. సాయంత్రం పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. అయినా “ఈ పేజీ అయ్యాక వెళ్దాం” అన్నాను. మా ఆయన వినలేదు. ల్యాప్‌టాప్ మూసేసి ఆటో పిలిచారు. ఆస్పత్రిలో చూస్తే ప్లేట్‌లెట్లు 38 వేలు, బీపీ పడిపోతోంది.

డెంగీలో గండం జ్వరం ఎక్కువగా ఉన్న రోజుల్లో రాదు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుందే, సరిగ్గా అప్పుడు వస్తుంది. ఆ ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మనిషి మగతగా ఉండటం లేదా ఊరికే కలవరపడటం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. బొప్పాయి ఆకు రసం తాగుతూ ఇంట్లో చూద్దామనే వేళ కాదు అది. ఉద్యోగస్తుడు ఆ రోజు ఇంకా సెలవులోనే ఉంటాడు కాబట్టి పక్కమీద ఉంటాడు, ఇంట్లోవాళ్లు గమనిస్తారు. మనం జ్వరం దిగిన గంటలోనే కుర్చీలో ఉంటాం. నీరసం వస్తే నాలుగు రోజుల పని పేరుకుపోయిన బెంగ అనుకుంటాం.

జ్వరం దిగాక రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకండి. ఇది నేను ఎవరితోనూ బేరమాడని లెక్క. ఇప్పుడు నా క్యాలెండర్లో జ్వరం పోయిన తర్వాతి రెండు రోజులు కూడా జ్వరం రోజులే.

“పాలసీకి కట్టే డబ్బు దండగ, ఆ డబ్బేదో నీ దగ్గరే దాచుకో”

దాచుకోలేదు. ఎవరూ దాచుకోరు, ఇంటద్దె ముందొస్తుంది. నాలుగు రోజుల ఆస్పత్రి బిల్లు 62 వేలు చేతి నుంచే కట్టాం. మా ఆయన కాలేజీలో ఉన్న పాలసీ ఆయనకు మాత్రమే.

ఉద్యోగుల కోసం 1948 నాటి చట్టంతో వచ్చిన ఈఎస్‌ఐ ఉంది. నెలకు 21 వేల లోపు జీతం ఉన్న ఉద్యోగికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. యజమాని లేని మనిషి అందులో చేరలేడు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. అర్హత ఉంటే కార్డు సిద్ధంగా ఉంచుకోండి, పెద్ద జబ్బుల్లో ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. కానీ అది ఆస్పత్రి చికిత్సకే. ఇంట్లో మంచం పట్టిన పది రోజుల సంపాదన అది ఇవ్వదు. మామూలు ఆరోగ్య పాలసీ కూడా ఇవ్వదు. ఈ తేడా తెలియక చాలామంది పాలసీ తీసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉంటారు. ఆస్పత్రి ఖర్చుకు పాలసీ, పోయిన రోజులకు పొదుపు, ఇవి రెండు వేరు వేరు జేబులు.

పాలసీ ఒళ్లు బాగున్నప్పుడే తీసుకోవాలి. తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు వర్తించదు. అప్పటికే షుగరో బీపీయో ఉంటే వాటికి మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. ఉన్నది దాచిపెట్టి తీసుకుంటే తర్వాత క్లెయిము కొట్టేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు, ఇంతకుముందు ఖరీదని మానేసినవాళ్లు మళ్లీ ఒకసారి అడిగి చూడండి. ఆస్పత్రిలో ఉన్న ప్రతిరోజుకూ ఇంత అని చేతికిచ్చే పాలసీలూ ఉన్నాయి, మనలాంటివాళ్లకు అవి పనికొస్తాయి.

చీటీ వేసేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. కష్టంలో పాడుకోవచ్చనే చీటీ వేస్తాం. మంచం మీద ఉన్నవాళ్లం పాటలో ఎంతకైనా తెగించి పాడతాం, నష్టపోతాం. రెండు నెలల ఇంటిఖర్చు బ్యాంకులోనే విడిగా ఉండాలి.

“జబ్బుగా ఉన్నప్పుడు బాకీలు అడగకు, జాలి కోసం అనుకుంటారు”

అది మన కష్టార్జితం. నేను ఆస్పత్రిలో ఉన్న రోజున వేర్వేరు చోట్ల నుంచి నాకు రావాల్సింది లక్షా పదివేలు. ఒకటి ఆర్నెల్ల నాటిది. అడగలేక మా ఆడపడుచు దగ్గర అప్పు తీసుకున్నాం.

ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా పేరు నమోదు చేసుకోవచ్చు. సేవలందించే ఒంటరి మనిషి కూడా చేసుకోవచ్చు, ఫీజు లేదు. అలా చేసుకున్నవాళ్లకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం కొన్న సంస్థ 45 రోజుల లోపు డబ్బు చెల్లించాలి. రాసుకున్న ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేయడం మొదలుపెట్టాక డబ్బు త్వరగా వస్తోంది.

“పోయిన రోజులు రాత్రుళ్లు కూర్చుని పూడ్చుకో”

ఆస్పత్రి నుంచి వచ్చాక అందరూ చెప్పింది ఇదే, నేను చేసిందీ ఇదే. మూడు వారాలు రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. డెంగీ తర్వాత నీరసం వారాల తరబడి ఉంటుంది. ఆ మూడు వారాల్లో చేసిన పని ఇప్పుడు తెరిచి చూస్తే ఎక్కడ కునికానో తెలుస్తుంది.

పోయిన రోజుల డబ్బు తర్వాత పూడ్చుకునేది కాదు, ముందే రేటులో ఉండాల్సింది. ఈ లెక్క ఎవరైనా నాకు మొదటి ఏడాదే నేర్పి ఉంటే బాగుండేది. కాగితం తీసుకుని చేసి చూడండి.

నెలకు 40 వేలు కావాలనుకుందాం, ఏడాదికి 4,80,000. 365 రోజుల్లో ఆదివారాలు 52 తీసేస్తే 313. సంక్రాంతి, ఉగాది, దసరా, దీపావళి, ఇంట్లో శుభకార్యాలు కలిపి 13 తీసేస్తే 300. అందరూ ఇక్కడే ఆగిపోయి రోజుకు 1,600 వస్తే చాలనుకుంటారు. రోజుకు 2,000 మాటలు చేసే అనువాదకుడు మాటకు 80 పైసలు అడుగుతాడు. ఇన్వాయిస్‌లు రాసుకోవడం, బాకీలు అడగడం, శాంపిల్ చేసి పంపడం, ఇలాంటి డబ్బు రాని పనులకు నెలకు మూడు రోజులు పోతాయి. ఏడాదికి 36. జబ్బు రోజులు 12, మా ఆయన సీఎల్‌లు ఎన్నో అన్ని. మిగిలేవి 252. 4,80,000ని 252తో భాగిస్తే రోజుకు 1,905 రూపాయలు, మాటకు 95 పైసలు.

80కీ 95కీ మధ్య ఉన్న ఆ 15 పైసలు నేను పదేళ్లు అడగలేదు. రేటు పెంచినప్పుడు ఇద్దరు క్లయింట్లు వెళ్లిపోయారు. మిగతావాళ్లు కారణం కూడా అడగలేదు. కుట్టుపనికైనా ఫొటోలకైనా లెక్క ఇదే, అంకెలు మారతాయి. జబ్బు రోజులు కలపని రేటు, ఎంత ఎక్కువగా కనిపించినా, తక్కువ రేటే.

“నీ పని ఇంకొకరికి చూపించకు, లాక్కుపోతారు”

అనంతపురంలో నాకంటే పదేళ్లు చిన్నదైన ఒక అనువాదకురాలు ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక నేనే ఫోన్ చేశాను. అప్పటికి మేం పోటీదారులం, ఒకే చోట పని కోసం ఇద్దరం శాంపిళ్లు పంపినవాళ్లం. “నాకు జ్వరం వస్తే నువ్వు చెయ్యి, నీకొస్తే నేను చేస్తాను” అన్నాను. “ఇంతకాలం ఎవరూ అడగలేదక్కా” అంది.

పని ఒకరి నుంచి ఒకరికి మారాలంటే ముందుగా చేయాల్సినవి ఉన్నాయి. చాలా ఒప్పందాల్లో ఫైలు బయటివాళ్లకు ఇవ్వకూడదని ఉంటుంది. జ్వరంలో ఉండి చాటుగా పంపితే ఒప్పందం తప్పినట్టే. అందుకే ఒళ్లు బాగున్నప్పుడే క్లయింటుకు ఆమెను పరిచయం చేశాను, ఆమె నన్ను తన క్లయింట్లకు పరిచయం చేసింది. పదకోశాలు ఒకరివి ఒకరికి ఇచ్చుకున్నాం. ఎవరు చేస్తే డబ్బు వాళ్లకే, మధ్యలో కమీషన్ లేదు. ఈ నాలుగేళ్లలో నా పని ఆమె నాలుగుసార్లు చేసింది, ఆమె పని నేను రెండుసార్లు చేశాను. ఆమెకు కాన్పు అయినప్పుడు మూడు నెలలు తన క్లయింటు ఒకరిని నేనే చూసుకుని, తర్వాత తిరిగి అప్పగించాను. ఇద్దరిలో ఎవరి క్లయింటూ ఎవరి దగ్గరికీ పోలేదు.

నెదర్లాండ్స్‌లో ఇలాంటి ఒంటరి పనివాళ్లు 2006 నుంచి చిన్న చిన్న గుంపులుగా చేరి నెలనెలా కొంత దాచుకుంటున్నారు. గుంపులో ఎవరైనా మంచం పడితే మిగతావాళ్లు వాళ్ల ఇల్లు గడిచేందుకు డబ్బిస్తారు. వాటిని వాళ్ల భాషలో ‘రొట్టె నిధులు’ అంటారు. మన పల్లెల్లో పొదుపు సంఘాలు నడిపే ఆడవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా నేర్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ ముందు ఒంటరిగా కూర్చున్న మనమే ఇంకా మొదలుపెట్టలేదు.

మీ పని మీలాగే చేయగల మనిషి ఒకరు మీకు తెలిసే ఉంటారు. ఈ వారంలో, ఒంట్లో బాగున్నప్పుడే, వాళ్లకు ఒక ఫోన్ చేయండి.